అడవిదున్న దున్న కాదు

తర్కశాస్త్రం చదువుకొనే విద్యార్థికి తొలినాళ్ళలోనే ఒక అడవి జంతువు ఎదురవుతుంది. ఉపమానమనే ప్రమాణాన్ని బోధించడానికి మన పండితులు చూపే ఉదాహరణ గవయము. పట్టణవాసి ఒకడు గవయమంటే ఏమిటో ఎరుగడు. అడవిలో తిరిగేవాడిని అడిగితే అది గోవును పోలి ఉంటుందని చెప్తాడు. తరువాత ఇతడు అడవికి పోయి, ఆవు వంటిదే గాని ఆవు కాని జంతువును చూచి, విన్న మాట జ్ఞప్తికి తెచ్చుకొని, ఇదే గవయమని గుర్తిస్తాడు. ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన తర్కసంగ్రహంలోనూ ఉన్నది ఈ గవయమే. గవయమంటే నీల్‌గాయి అని చెప్పినవారు లేకపోలేదు. అయినా ఇంగ్లీషువారు ఇండియన్ బైసన్ అనీ, హిందీవారు గౌర్ అనీ, మనం అడవిదున్న అనీ పిలుచుకొనే జంతువుకే ఆ వర్ణన చక్కగా అతుకుతుందని నా అభిప్రాయం.

ఎందుకంటే మనం పెట్టిన పేరూ తప్పే, ఇంగ్లీషువారు పెట్టిన పేరూ తప్పే. అసలైన బైసన్‌లు అమెరికాలోనూ ఐరోపాలోనూ ఉన్నవి. మన అడవులలో వేటాడిన తెల్లదొరలు ఎత్తయిన భుజాన్ని చూచి ఆ పేరును దీనికి తగిలించారు. నల్లని మేనిని చూచి మనం దున్న అన్నాం. జంతుశాస్త్రజ్ఞులు మాత్రం దీనిని ఆవు చేరిన బాస్ ప్రజాతిలోనే చేర్చారు; గేదెలది వేరొక ప్రజాతి. అరుణాచల్ ప్రదేశ్ రాష్ట్ర జంతువైన మిథున్ దీనికి అతి దగ్గరి చుట్టం. గోవా రాష్ట్ర జంతువు ఇదే. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర జంతువు మాత్రం నిజమైన అడవి గేదె. ఆ రెండింటినీ ఒకటిగా భావించేవారు చదువుకొన్నవారిలోనూ తక్కువ కాదు.

ఒక్కసారి చూచినవారు ఈ జంతువును మరచిపోలేరు. ఎదిగిన మగదాని ఎత్తు భుజం వద్ద ఆరడుగులకు చేరవచ్చు. బరువు వేయి కిలోల దాకా ఉంటుంది. నూనె రాసినట్లు నిగనిగలాడే నల్లని శరీరం, మోకాళ్ళ నుండి క్రిందికి తెల్లని మేజోళ్ళు తొడిగినట్లు కాళ్ళు. ఇంత దేహమున్నా స్వభావం బెరుకుది. మనిషి వాసన సోకితే బుస్సుమని ఊపిరి వదలి మంద పొదలలోకి తప్పుకొంటుంది. వానలు పడి లేతగడ్డి మొలచినప్పుడు గడ్డి మేస్తుంది. ఎండలు ముదిరితే ఆకులు, వెదురు చిగుళ్ళు, చివరకు చెట్ల బెరడు కూడా తింటుంది. మంద నడచిన చోట పొదలు తొలగి దారి పడుతుంది, పేడతోపాటు విత్తనాలు చెదురుతాయి. దూడలు పెద్దపులికి ఆహారం. బలిసిన మగదానిని కూల్చడం పులికి సైతం ప్రాణాంతకమైన పనే, కాని అదీ జరుగుతూనే ఉంటుంది.

పులికంటె, వేటగాడి తుపాకికంటె దీనిని ఎక్కువగా భయపెట్టిన శత్రువు మన పశువుల కొట్టంలో పుట్టినది. వైద్యులు రిండర్‌పెస్టు అనీ, రైతులు ముసర అనీ పిలిచిన రోగం అది. ఆవుకు చుట్టం కావడం వలన ఆవు రోగాలన్నీ దీనికి వస్తాయి. ఊరిమంద అడవిలో మేసి, అదే మడుగులో నీరు త్రాగితే చాలు. 1968లో బందీపూర్, ముదుమలై అడవులలో ముసర సోకి అడవిదున్నలు కుప్పలుగా చచ్చాయి. ఈ రోగంపై మన దేశంలో జరిగిన పోరాటం చిన్నది కాదు. హిమాలయ సానువులలోని ముక్తేశ్వర్‌లో దీని కోసమే ప్రయోగశాల వెలసినది. 1897లో రాబర్ట్ కాక్ అంతటివాడు అక్కడికి వచ్చాడు. అక్కడే 1920ల దశకంలో ఎడ్వర్డ్స్ అనే శాస్త్రవేత్త మేకల ద్వారా బలహీనపరచిన సూక్ష్మజీవితో టీకా తయారు చేశాడు. పల్లెపల్లెకూ తిరిగి పశువులకు సూదులు వేసిన ఉద్యోగుల పేర్లు ఎక్కడా కనబడవు. 2011లో ముసర ప్రపంచంలోనే లేకుండా పోయినదని ప్రకటించారు. మశూచి తరువాత మానవుడు భూమిపై నుండి పూర్తిగా తుడిచివేసిన రోగం ఇదొక్కటే. పశువుల కోసం చేసిన ఆ పని అడవిదున్నను కూడా కాపాడినది.

కాని గాలికుంటు ఉన్నది, దొమ్మ ఉన్నది. అందుకే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో ఒక సెక్షను చేర్చారు. అభయారణ్యంలోనూ, దానికి ఐదు కిలోమీటర్ల లోపలా ఉన్న పెంపుడు పశువులకు అంటురోగాల టీకాలు వేయించే బాధ్యత అటవీ అధికారులదే అని ఆ సెక్షను శాసిస్తుంది. పులి బొమ్మతో ముద్రించే గోడపత్రికల మీద పెట్టే ఖర్చులో కొంత ఈ సూదిమందుల మీద పెడితే అడవికి ఎక్కువ మేలు కలుగుతుందని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

మధ్యప్రదేశ్‌లోని బాంధవగఢ్ కథ మరొక విధమైనది. అక్కడి అడవిదున్నలు ఏటా కొంతకాలం దూరపు అడవులకు పోయి మరల వచ్చేవి. నడుమ పొలాలు, ఊళ్ళు, రహదారులు వచ్చి దారి తెగిపోయినది. 1998 నాటికి ఒక్కటీ మిగలలేదు. పులులకు పేరుపొందిన అడవిలో పులికి తగిన ఉజ్జీ లేకుండా పోయినది. అప్పుడు అధికారులు కాన్హా అడవుల నుండి కొన్నిటిని తేవడానికి పూనుకొన్నారు. భారత వన్యప్రాణి సంస్థ శాస్త్రజ్ఞులు, దక్షిణాఫ్రికా నిపుణులు తోడ్పడ్డారు. తుపాకితో మత్తుసూది కొట్టి, పడిపోయిన జంతువును మనుషులు మోసి లారీకి ఎక్కించాలి. మత్తు ఎక్కువైనా, జంతువు ప్రక్కకు ఒరిగి ఎక్కువసేపు పడి ఉన్నా ప్రాణానికే ముప్పు. 2011, 2012 సంవత్సరాలలో ఇట్లు 50 జంతువులను చేర్చి, మొదట కంచె లోపల ఉంచి, తరువాత వదిలారు. కొన్నిటిని పులులు తిన్నవి. అది నష్టమని కొందరు వాపోయారు గాని, పులికి తిండి కావడం కూడా అడవిలో దాని పాత్రే కదా! మంద నూరు దాటినది. కొద్దిపాటి జంతువుల నుండే సంతానం పెరిగితే రక్తం బలహీనపడుతుందని 2025లో సాత్పురా అడవుల నుండి మరికొన్నిటిని తెచ్చి కలిపారు.

అమెరికాలో కోట్ల సంఖ్యలో ఉన్న బైసన్‌లను చంపి, 1889 నాటికి వేయి మాత్రమే మిగిలినవని లెక్క తేల్చుకొని, తరువాత పశ్చాత్తాపపడ్డారు. మనం ఆ దశకు చేరలేదు. మన చిక్కు వేరు. నీలగిరులలో, కొడైకెనాల్‌లో అడవిదున్నలు తేయాకు తోటలలో, వీధులలో సంచరిస్తున్నవి. ఫోటో కోసం దగ్గరకు పోయిన యాత్రికులను, చీకటిలో ఎదురుపడిన కూలీలను అవి కుమ్మిన సంఘటనలున్నవి. కొండమీది గడ్డిమైదానాలను తోటలుగా మార్చినది మనమే. అయినా దెబ్బ తిన్న కూలీకి ఈ మాట ఓదార్పు కాదు, వానికి సకాలంలో పరిహారం ముట్టాలి.

గోదావరి గట్టున ఈ జంతువుతో మనిషికి ఉన్న సంబంధం పాతది. భద్రాచలం ప్రాంతపు కోయలు పండుగలకూ పెళ్ళిళ్ళకూ అడవిదున్న కొమ్ములు బిగించిన తలపాగా ధరించి, పెద్ద డోళ్ళు వాయిస్తూ, పోతుల వలె తలలు వంచి ఢీకొంటూ ఆడుతారు. బస్తర్‌లోని మరియాల ఆటలోనూ ఇవే కొమ్ములు. 1938లో గ్రిగ్సన్ అనే అధికారి తన గ్రంథంలో వారికి ఆ కొమ్ముల పేరే పెట్టాడు. 1972 చట్టం వచ్చిన తరువాత వేట నేరం. కనుక న్యాయంగా ఆడగలిగినది తాతల నాటి కొమ్ములతోనే. అవి పగిలితే కొత్తవి రావు. ఆ జాతి పాపికొండల అడవులలో ఇంకా బ్రతికి ఉన్నది. దాని కొమ్ము మాత్రం ఇంటి చూరు క్రింద దాచుకొన్న వారసత్వం.

నల్లమలలో అదీ లేదు. అక్కడ అడవిదున్న అంతరించి తరాలు గడచినవి. 2024లో ఒకటి కనిపించినదని అటవీశాఖవారు వెల్లడించారు. అది ఏ అడవి నుండి, ఎన్ని పొలాలూ కాలువలూ దాటి వచ్చినదో గాని, ఒక్కదానితో మంద ఏర్పడదు. వచ్చిన దారి తెరచి ఉంటే రెండవది రావచ్చు; లేదా బాంధవగఢ్‌లో వలె లారీలలో తేవలసి ఉంటుంది.