పాత చిత్రములు, పాత ముచ్చటలు

పట్టణములలో గ్రంథాలయముల మెట్లపైనను, పల్లెలలో పెద్దరైతుల అరుగులపైనను సాయంకాలమున నలుగురు పెద్దలు చేరినచో, రాజకీయములు ముగిసిన వెంటనే వచ్చు ప్రసంగము పాత చలనచిత్రములను గూర్చినది. బాలనాగమ్మలో మాయలమరాఠీగా గోవిందరాజుల సుబ్బారావుగారు కనులెఱ్ఱజేసినంతటి భయము మఱియొకచోట కలుగలేదని యొకరందురు. పాతాళభైరవిలో రంగారావుగారి నేపాళమాంత్రికుని మీరు సరిగా చూడలేదని వేఱొకరందురు. నాగయ్యగారి వేమన ముందు మీ మాంత్రికు లిద్దఱును బలాదూరని మూడవవారు తేల్చివేయుదురు. ఈ వాదములు తెగవు. తెగవలసిన యవసరమును లేదు. ఇవి పనిలేనివారి కాలక్షేపములని కొందఱు విద్యావంతులు పెదవి విఱుచుచున్నారు. మేమట్లు తలంపము.

నటన యనునది కాలముతో కరిగిపోవు విద్య. శిల్పి పోయినను శిల్పముండును. కవి పోయినను కావ్యముండును. నటుడు తెరదించగానే వాని సృష్టియంతయు చూచినవారి మనస్సులలోనికి వెడలిపోవును. బళ్ళారి రాఘవగారు రంగస్థలముపై నెట్లుండెడివారో చెప్పగలవారు నేడు మనలో లేరు. 1946 లో కీర్తిశేషులైన యా మహానటుని ముఖము కదలుచు, మాటాడుచు మనకు కనబడుటకు రైతుబిడ్డ మొదలగు రెండుమూడు చిత్రములు తప్ప దారి లేదు. గూడవల్లి రామబ్రహ్మముగారు 1939 లో తీసిన యా రైతుబిడ్డ జమీందారుల ఆగ్రహమునకు గురియై కొన్నిచోట్ల నిషేధింపబడెను. ఆనాటి పాలకులు ఒక చిత్రమునకు జంకిరన్నచో ఆ తెరమీద వెలుగునీడలకు గల బలమెట్టిదో ఊహించుకొనవచ్చును.

మనవారి ముచ్చటలలో మాకు నచ్చని భాగమొకటి కలదు. చాలమంది నటులను గాక కథానాయకులను గూర్చి వాదింతురు. ఎవరి చిత్రమెన్నిదినములాడె, ఎవరికెంత పారితోషికము ముట్టె ననునవి లెక్కలేగాని అభినయమును గూర్చిన విమర్శ కాదు. ఇక మావాడు, మీవాడు అను పక్షపాతము ప్రవేశించినచో మాటకు విలువయే పోవును. మన యాలంకారికులు ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికములని అభినయమును నాలుగు తెఱగులుగా విభజించి, చూచుటకు మనకు కన్నులిచ్చిరి. ఆ కన్నులతో చూచినచో ముచ్చటయే విమర్శ యగును.

యోగివేమన సంగతియే తీసికొందము. కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున 1947 లో వచ్చిన యా చిత్రమునందు అన్నకూతురు జ్యోతి మరణమే వేమనను భోగి నుండి యోగిని గావించు మలుపు. ఆనాటి పద్యనాటకముల అలవాటు ప్రకారమైనచో ఆ ఘట్టమున నటుడు గొంతెత్తి, ఎదురొమ్ము గ్రుద్దుకొని, రాగము తీసి చప్పట్లు కొట్టించుకొనవలసినది. నాగయ్యగారు గొంతు తగ్గించిరి. దుఃఖమును ప్రేక్షకునకు చూపవలెనను ఆత్రము ఆ ముఖమున లేదు. రంగస్థలమున కడపటి వరుసవానికి వినిపింపవలయును గనుక నటుడు కేకవేయును; తెరపై ముఖము గోడంత యగును గనుక కనుఱెప్ప చాలును. ఈ భేదమును మనదేశమున ముందుగా గ్రహించినవారిలో నాగయ్యగా రొకరని మా యభిప్రాయము. ఆయన తానే పాడుకొనువారు గనుక మాట యెక్కడ ముగిసినదో, పాట యెక్కడ మొదలైనదో తెలియకుండ పోయెడిది.

దీనికి పూర్తిగా భిన్నమైన విద్య 1957 నాటి మాయాబజారులో సావిత్రిగారు చూపినది. ఘటోత్కచుడు శశిరేఖ రూపముదాల్చి కౌరవుల విడిదిలో మెలగునపుడు, ఆమె శరీరము కన్యది, నడక రాక్షసునిది. ఎదుట నెవరైన నున్నంతసేపు సిగ్గు, తల వంచుట, వ్రేలితో పయ్యెద సవరించుకొనుట. వారు మరలగానే భుజములు విఱుచుకొని చూచుచూపు. ఒక్క క్షణములో ఇటునుండి అటు, అటునుండి యిటు. ఇందు మెలకువ యేమనగా, ఆమె యనుకరించినది ఊహలోని రాక్షసుని కాదు. అదే చిత్రమున రంగారావుగారు ఘటోత్కచునిగా నడచిన నడకను, నవ్విన నవ్వును. ఒక నటుని మఱియొక నటి చదివి, తన దేహముపై వ్రాసికొన్నదన్నమాట. రంగారావుగారికి 1964 లో జకార్తా యందలి ఆఫ్రో ఆసియా చిత్రోత్సవమున నర్తనశాల కీచకునికై ఉత్తమనటుని బహుమానము వచ్చెను, తెలుగువారు గర్వించిరి. ఆ శశిరేఖకు ఏ విదేశమునను బహుమానము రాకున్నను మాకు కీచకునికంటె తక్కువ అనిపింపలేదు.

అయితే ఈ ముచ్చటలన్నియు ఇప్పటికి చిత్రములున్నవి గనుక సాగుచున్నవి. లేనివాని మాటయేమి? రఘుపతి వెంకయ్యనాయుడుగారి కుమారుడు ప్రకాశ్ గారు 1921 ప్రాంతమున తీసిన మూకచిత్రము భీష్మప్రతిజ్ఞ లేదు. 1931 లో వచ్చిన దేశపు తొలి మాటలచిత్రము ఆలంఆరా లేదు. మన భక్తప్రహ్లాదయు లేదు. సురభి కమలాబాయిగారు లీలావతిగా ఎట్లు పాడిరో, మునిపల్లె సుబ్బయ్యగారి హిరణ్యకశిపుడు ఎట్లు గర్జించెనో చెప్పుటకు చెరిగిపోవు ఛాయాచిత్రములును, వ్రాతలును తప్ప వేఱు సాక్ష్యము లేదు.

ఆ చిత్రమును గూర్చి ఇంకొక విశేషము. చాలకాలము మనవారు అది 1931 సెప్టెంబరు 15 న విడుదలయ్యెనని నమ్మి ఆ దినముననే తెలుగు చలనచిత్రపు పుట్టినదినమును జరుపుకొనుచుండిరి. రెంటాల జయదేవగారను పత్రికారచయిత పాత పత్రికలను, సెన్సారు దాఖలాలను గాలించి, అది 1932 ఫిబ్రవరి 6 న బొంబాయి కృష్ణా థియేటరులో విడుదలయ్యెనని నిరూపించిరి. పెద్దల జ్ఞాపకము అమూల్యమే, కాని దానిని కాగితముతో సరిచూడవలయును. పాత వార్తాపత్రికల కట్టలను అటకమీదనుండి దింపి తూకమునకు వేయుచున్న గృహస్థు తానేమి అమ్ముచున్నాడో యెఱుగడు.

ఫిలిము ఎందుకు నశించునో మన జనులకు తెలిసియుండుట మంచిది. 1950 ప్రాంతము వరకు వాడిన నైట్రేటు ఫిలిము అంటుకొన్నచో నీటిలో ముంచినను ఆరదు. తరువాత వచ్చిన అసిటేటు ఫిలిము మండదు గాని, వేడికిని చెమ్మకును లోలోపల కుళ్ళి, డబ్బా తెరచినంతనే ఘాటైన పులుపు వాసన కొట్టును. అటుపై ముడుచుకొని పెళుసెక్కిపోవును. కృష్ణా గోదావరీ మండలముల యెండకును ఉక్కకును గోదాములలో పడియున్న రీళ్ళ గతి వేఱుగ చెప్పనేల? నిప్పు, చెమ్మ చాలక మనుష్యుడును తోడయ్యెను. ఫిలిముపైనున్న వెండిని కరిగించి తీసికొనుటకు పాత ప్రతులను తూకమున అమ్మినవారు దేశమంతటను కలరు. పూనాలో 1964 లో వెలసిన జాతీయ చలనచిత్ర భాండాగారము ఎన్నింటినో రక్షించెను. కాని 2003 జనవరిలో అచ్చటనే అగ్నిప్రమాదము జరిగి నైట్రేటు చిత్రములనేకము భస్మమైపోయినవి. సంపదనంతయు ఒకే కొట్టులో దాచరాదని ధాన్యము పండించు రైతునకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

మాయాబజారునకు 2010 లో రంగులద్ది విడుదల చేసిరి. క్రొత్తతరమువారు థియేటరులకు వచ్చి చూచిరన్న మాట నిజము; అందులకు మేమును సంతసించితిమి. కాని మార్కస్ బార్ట్‌లేగారు వెన్నెలను నలుపు తెలుపుల నడుమనున్న బూడిదవన్నెలతోనే పండించిరి. ఆ పడవప్రయాణపు దృశ్యమునకు పైన రంగు పూయుట పాలరాతి విగ్రహమునకు సున్నము కొట్టినట్లున్నది. రంగులు వేయువారు వేయుదురు గాక. అసలు ప్రతిని అట్లే చెక్కుచెదరకుండ ఉంచవలయునని మాత్రము గట్టిగా కోరుచున్నాము. 2024 సెప్టెంబరులో అక్కినేని నాగేశ్వరరావుగారి శతజయంతికి ఆయన పాతచిత్రములను దేశమున పలు పట్టణములలో తెరపై చూపినపుడు దేవదాసును నలుపు తెలుపులలోనే చూచిరి. చూడలేమని యెవరును లేచిపోలేదు.

ప్రభుత్వములు చేయవలసినది కలదు. ఆంధ్రప్రదేశమున నంది బహుమానములు 1964 లో మొదలైనవి; బహుమానము పొందిన ప్రతి చిత్రమునకును ఒక మంచి ప్రతిని చల్లని, పొడి గదిలో భద్రపఱుచుట బహుమానములో భాగము కావలయును. తెలుగువారికి రెండు ప్రభుత్వములున్నవి. చెఱియొక కొట్టు కట్టినను మనకు నష్టము లేదు. అయితే ఇది ప్రభుత్వములతోడనే యగుపని కాదు. మా చదువరులలో తాతలనాడు టూరింగు టాకీసులు నడిపినవారి కుటుంబములును, చిత్రములకు పెట్టుబడి పెట్టిన భూస్వాముల వారసులును కలరు. మాలపిల్ల, రైతుబిడ్డలకు వెన్నుదన్నుగా నిలిచిన సారథీ సంస్థకు చల్లపల్లి రాజావారి ధనమే మూలమని మఱువరాదు. ఆ యిండ్ల కొట్లలో తుప్పుపట్టిన డబ్బాలు, పాటలపుస్తకములు, గోడపత్రికలు, ఒప్పందపు కాగితములు ఇంకను ఉండవచ్చును.

అట్టివి యెవరియొద్దనున్నను తూకమునకు వేయకముందు పూనా భాండాగారమునకుగాని, దగ్గఱనున్న విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకుగాని ఒక కార్డు వ్రాయుడు. డబ్బాలను ఎండలో తెరువవలదు. నిప్పు దగ్గఱ అసలే వలదు. వందేమాతరమును 1939 లో ఊహ తెలిసి చూచినవారు నేడు తొంబదియేండ్లు దాటినవారు. అట్టివారు మీ యింటనున్నచో మనుమలచేత వారి ముచ్చటలను వ్రాయింపుడు: ఏ యూర, ఏ టాకీసున, టిక్కెట్టెంతకు, ఏ ఘట్టమున జనము లేచి నిలిచిరి, కాంచనమాల తెరపైకి రాగానే యెవరేమనిరి. చేతనైనచో గొంతుగూడ పట్టియుంచుడు.