మీ నల్ల కారుని తుడిపించకండి

ఫిల్మ్‌నగర్‌లో కారున్నవాళ్లు నలుగురు చేరితే పది నిమిషాల్లో మాట పనివాళ్ల మీదికి మళ్లుతుంది. అందులో ఒక ఫిర్యాదు ఖాయంగా ఉంటుంది: "ఎంత చెప్పినా వినడండీ, పిచ్చి గుడ్డ పెట్టి తుడిచి బండంతా గీతలు చేశాడు." ఈ మాట నేనూ అన్నాను. అనడంతో ఆగకుండా మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫోటోలతో సహా పెట్టాను. మర్నాటికి ఇంకో ఇద్దరు తమ బానెట్ల ఫోటోలు పెట్టారు. నెలాఖరుకల్లా అతన్ని మొత్తం 11 కార్లకీ మాన్పించేశారు. కారుకి 600 చొప్పున నెలకి 6,600 రూపాయలు. గ్రూపులో ఆ లెక్క ఎవరూ వెయ్యలేదు, నాతో సహా.

ఆ ఫిర్యాదు తప్పు. నా ఒక్కడి విషయంలోనే కాదు, ఈ గుట్టల మీద రోజూ వినిపించే ఆ ఫిర్యాదు నూటికి తొంభై సార్లు తప్పే అని నా వాదన. తొంభై అన్నది నా నోటి లెక్క, సర్వే ఏం చెయ్యలేదు. కానీ గీత ఎలా పడుతుందో తెలిసినవాళ్లెవరూ నాతో గొడవ పడరనే అనుకుంటున్నాను.

కారు కొనేటప్పుడు మా అమ్మ "నలుపెందుకు నాన్నా" అంది. శని అంటుందేమో, దిష్టి అంటుందేమో అని నవ్వేశాను. ఆవిడ ఉద్దేశం అది కాదు. "నల్ల చీర కట్టుకుని ముగ్గెయ్యలేం రా, రాలిన పిండంతా కనిపిస్తుంది" అంది. నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివిన నాకు ఆ ముక్క తట్టలేదు. తెల్ల పెయింట్ తన మీద పడ్డ వెలుతురుని అన్ని వైపులకీ చిమ్ముతుంది, సన్న గీత చిమ్మే కాస్త వెలుతురూ ఆ తెల్లదనంలో కలిసిపోతుంది. నలుపు లోపలికి వచ్చిన వెలుతురుని మింగేస్తుంది, పై పొర మాత్రం అద్దంలా తిప్పికొడుతుంది. అద్దం మీద గీత పడితే దాక్కునే చోటుండదు.

ఎండలో నల్ల బానెట్ మీద సూర్యుడి చుట్టూ సాలెగూడులాగా కనిపిస్తాయి చూడండి, వాటిని స్విర్ల్ మార్క్స్ అంటారు. గుండ్రంగా కనిపిస్తాయి కానీ గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కులకీ పడిన పొట్టి గీతల్లో వెలుతురుకి అడ్డంగా ఉన్నవే మన కంటికి మెరుస్తాయి. అందుకే దీపం ఎక్కడ పెడితే దాని చుట్టూ వలయం కనిపిస్తుంది. "గుండ్రంగా తిప్పుతూ తుడిచాడు, కాబట్టి గుండ్రంగా గీతలు పడ్డాయి" అని నేను గ్రూపులో రాసిన విశ్లేషణ నాణ్యత అదీ.

గీత పడేది క్లియర్ కోట్ అనే పై పొర మీద. అది 40, 50 మైక్రాన్ల మందం ఉంటుంది, తల వెంట్రుక కంటే సన్నం. ఇక దాని మీద వాలే దుమ్ము సంగతి. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ గుట్టలు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ మొదలుపెట్టేనాటికి ఈ చుట్టుపక్కల రాళ్లూ పొదలే. తర్వాత మిగతా స్టూడియోలు వచ్చాయి, వాటి వెనక డబ్బొచ్చింది, ఆ డబ్బు వెనక అద్దెలు కట్టుకుంటూ నాలాంటివాళ్లం వచ్చాం. ఇవ్వాళ్టికీ ఇక్కడ పాత ఇల్లు కూలగొట్టి సెల్లార్ తవ్వాలంటే బండ పగలగొట్టాల్సిందే. ఆ బండలో ఉండే పలుగురాయి, అదే క్వార్ట్జ్, మోహ్స్ కొలమానంలో 7. చాకు ఉక్కు అయిదున్నర ప్రాంతంలో ఉంటుంది. అంటే చాకునే గీయగల పొడి రాత్రంతా బానెట్ మీద వాలుతుంది. పొద్దున్నే ఒక మనిషి పొడి గుడ్డతో దాన్ని ఈ చివర్నించి ఆ చివరికి లాగుతాడు. దాన్ని శుభ్రం చెయ్యడం అనకూడదు, ఉప్పుకాగితం పట్టడం అనాలి.

లాగమన్నది ఎవరు? మా అపార్ట్‌మెంట్‌లో రెండు రూల్స్ ఉన్నాయి. ఒకటి రాసిపెట్టి ఉంది: సెల్లార్‌లో పైపు వాడకూడదు, నీళ్లు పారకూడదు. రెండోది ఎక్కడా రాయలేదు: ఎనిమిదిన్నరకి ఆఫీసుకి బయల్దేరేటప్పుడు కారు మెరుస్తూ ఉండాలి. మొదటి రూలుతో నాకు పేచీ లేదు. ఈ ఊరికి కృష్ణ నీళ్లు నాగార్జునసాగర్ వైపు నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకు పైగా పంపుల మీద ఎక్కి వస్తాయి. ఎండాకాలం మాకు ట్యాంకర్లే గతి. బెంగళూరులో 2024 మార్చిలో తాగునీటితో కార్లు కడిగితే 5,000 జరిమానా అన్నారు, సబబే. కానీ రెండు రూల్సూ కలిపి చదివితే ఏమవుతుంది? నీళ్లు పొయ్యకుండా, రోజూ, మెరిసేలా. అలా చెయ్యడానికి ఒకే ఒక్క పద్ధతి ఉంది, అది గీతలు పెట్టే పద్ధతి. ఒక బకెట్, మూడు గంటలు, 11 కార్లు. కారుకి పదహారు నిమిషాలు. మూడో కారు దాటేసరికి బకెట్లో నీళ్లు టీ రంగుకి తిరుగుతాయి. మిగతా ఎనిమిది కార్లూ ఆ టీతోనే.

ఇక ఆ పిచ్చి గుడ్డ. అది మా కాలేజీ టెక్ ఫెస్ట్ టీషర్టు. వదులైపోయిందని నేనే ఇచ్చాను, ఇచ్చేటప్పుడు కొంచెం దానకర్ణుడిలా కూడా ఫీలయ్యాను. దాని ముందు భాగంలో అరచెయ్యంత ప్రింటు ఉంటుంది. ఉతగ్గా ఉతగ్గా అది గట్టి ప్లాస్టిక్‌లా బిగుసుకుని, అంచులు పగిలి పెచ్చులు లేచింది. ఇసుక ఇరుక్కోడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు. ఈ సంగతి నాకు ఎప్పుడు వెలిగిందంటే, అతన్ని మాన్పించిన రెండు వారాలకి ఒక డిటెయిలింగ్ షాపులో కుర్రాడు బానెట్ మీద లైటు వేసి చూపిస్తూ "ఏ గుడ్డతో తుడుస్తారు సార్?" అని అడిగినప్పుడు.

నిజానికి అంతకుముందే నాకు ఎవరో చెప్పారు. గొడవ జరిగిన రోజు అతను నాతో మూడే మాటలన్నాడు. "రోజూ తుడువుమన్నది మీరే గద సార్. నీళ్లు పొయ్యొద్దన్నది మీరే. గుడ్డ గూడ మీరిచ్చిందే." మొత్తం కారణాలన్నీ ఆ మూడు వాక్యాల్లో ఉన్నాయి, నాలుగోది అక్కర్లేదు. దానికి నేనిచ్చిన జవాబు: "ఎదురు చెప్పకు."

మా ఆఫీసులో సర్వర్లు పడిపోతే బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్ అని ఒకటి రాస్తాం. ఈ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకి తెలుసు. అందులో ఎవరు చేశారు అని రాయకూడదు. ఆ తప్పు చెయ్యడం అంత తేలికయ్యేలా మన ఏర్పాట్లు ఎందుకున్నాయి అని రాయాలి. ఒకసారి నేను టెస్ట్ డేటాబేస్ అనుకుని అసలుదాని మీద స్క్రిప్టు నడిపి నలభై నిమిషాలు సైటుని పడుకోబెట్టాను. ఆ డాక్యుమెంట్లో నా పేరెక్కడా లేదు. మా మేనేజర్ వచ్చి భుజం తట్టి, రెండు డేటాబేసుల పేర్లూ ఒకేలా పెట్టడం మన తప్పు అన్నాడు. ఈ నాగరికత అంతా లిఫ్టులో సెల్లార్ బటన్ నొక్కగానే ఎక్కడికి పోతుంది? నెలకి లక్షలు తీసుకునేవాడి తప్పుకి వ్యవస్థ కారణం. 600 తీసుకునేవాడి తప్పుకి మాత్రం వాడి బుద్ధి కారణం.

షాపు సంగతి మధ్యలో వదిలేశాను. ఆ కుర్రాడు సెరామిక్ కోటింగ్ అమ్మాడు. "9హెచ్ సార్, వజ్రం తర్వాత ఇదే" అన్నాడు. వజ్రానికి 10 ఇచ్చే మోహ్స్ కొలమానం వేరు, ఈ 9హెచ్ వేరు. ఇది పెన్సిల్ పరీక్ష. మెత్తనివి, గట్టివి వరసగా పెన్సిళ్లు తీసుకుని పూత మీద గీకి చూస్తారు, ఆ వరసలో ఆఖరి గట్టి పెన్సిల్ 9హెచ్. పెన్సిల్ గీయలేకపోతే పలుగురాయి కూడా గీయలేదని ఎవరన్నారు? కోటింగ్ దండగ అనను, నీళ్లు జారిపోతాయి, మురికి తేలిగ్గా వదులుతుంది. రాతి పొడి మీద గుడ్డ లాగితే మాత్రం అది కాపాడదు. పైగా కోటింగ్‌కి ముందు పాత గీతలు పోవడానికి పాలిష్ పడతారు. పాలిష్ అంటే గీతని పూడ్చడం కాదు, గీత లోతు దాకా చుట్టూ ఉన్న పొరని అరగదియ్యడం. వెంట్రుకంత కూడా లేని పొరని ఎన్నిసార్లు అరగదీస్తారు? ఇవన్నీ తెలిసే 30,000 కట్టాను. అతని 50 నెలల జీతం. డజను మైక్రోఫైబర్ గుడ్డలు కొనిస్తే పోయేదానికి.

కార్ల గురించి సాహిత్య పత్రికలో ఎందుకు అంటారేమో. మెరుపు మీద ఈ మోజు మన రాతల్లో కూడా ఉంది కాబట్టి. సినిమా సమీక్షల్లో "రిచ్‌గా ఉంది" అన్న మాట ఎన్నిసార్లు చదివారు? నేనైతే రాశాను కూడా. 1961లో టాక్సీ రాముడు పేరుతో సినిమా వచ్చింది, అప్పట్లో స్టీరింగ్ పట్టినవాడు కథానాయకుడు కాగలిగాడు. ఇప్పుడు హీరో వెనక తలుపులోంచి దిగుతాడు. ముందు బూటు, తర్వాత నల్ల తలుపు మీద జారే ఆకాశం, ఆ తర్వాత మొహం. బండి ఎవరు నడుపుకొచ్చారో మనకి తెలీదు, ఎవరు తుడిచారో అసలే తెలీదు.

తమాషా ఏంటంటే షూటింగులో నల్ల కారు పెద్ద తలనొప్పి. తలుపు మీద కెమెరా కనిపిస్తుంది, లైటు స్టాండు కనిపిస్తుంది, థర్మోకోల్ షీటు పట్టుకుని ఎండలో నిలబడ్డ మనిషి కనిపిస్తాడు. అందుకని మెరుపు చంపడానికి డల్లింగ్ స్ప్రే కొడతారు, లెన్సుకి పోలరైజర్ పెడతారు, కారుని అటో ఇటో జరుపుతారు. ఆ మనిషి పోయేదాకా షాట్ ఓకే అవ్వదు. అద్దంలాంటి కారు కావాలి, అందులో పనివాళ్లు మాత్రం కనపడకూడదు. మన సెల్లార్ల కథ కూడా అచ్చం ఇదే కదా.

కారు లోపల ఉన్నవాళ్లకీ కనపడటం ఇష్టం ఉండదనుకోండి. అద్దాలకి నల్ల ఫిల్ము వద్దని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. 2022లో జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ వైపు పోలీసులు కొందరు నటుల కార్లాపి ఫిల్ములు పీకించి 700 రూపాయలు రాశారు. నెలంతా ఒక కారు తుడిస్తే వచ్చేదానికి ఇంకో వంద ఎక్కువ.

తాజ్‌మహల్ కూలీల గురించి శ్రీశ్రీ అడిగిన ప్రశ్నని ఇక్కడ వాడుకోవచ్చు. వాడను. ఏప్రిల్ 30న శ్రీశ్రీ పుట్టినరోజుకి ఆ ప్రశ్నని స్టేటస్ పెట్టుకున్నవాళ్లలో మా గ్రూపువాళ్లు ముగ్గురున్నారు. నేను ఒకణ్ణి.

"అయితే నల్ల కారు మట్టి కొట్టుకుని తిరగాలా?" అంటారు. అవును, తిరగాలి. కదలకుండా కూర్చున్న దుమ్ము ఏ పెయింటునీ గీయదు. గీసేది దుమ్ము మీద గుడ్డ. పిట్ట రెట్ట పడితే అదే రోజు తడిపి, నాననిచ్చి తియ్యండి, దానికి ఆలస్యం పనికిరాదు. మిగతాదంతా వారానికోసారి చాలు. ముందు ముట్టుకోకుండా నీళ్లతో దుమ్ము జారనివ్వాలి, తర్వాత షాంపూ, సబ్బునీళ్లకి ఒక బకెట్, గుడ్డ జాడించడానికి ఇంకోటి. నీడలో చెయ్యాలి, ఎందుకంటే నల్ల రేకు ఎండకి కాలిపోతుంది, బోరు నీళ్ల చుక్క నిమిషంలో ఆరి సున్నం మచ్చయి కూర్చుంటుంది. రెండు మూడు బకెట్ల నీళ్లు, ముప్పావు గంట పని. నెలకి నాలుగు కడుగుళ్లు. జీతం తగ్గించకండి, పెంచండి. పని తగ్గింది కదా జీతమెందుకు అనేవాళ్లు, ఇంట్లోంచి పనిచేసిన రెండేళ్లూ ట్రాఫిక్‌లో కూర్చోలేదు కాబట్టి జీతం కోసుకోమని తమ కంపెనీకి ఉత్తరం రాశారేమో గుర్తు చేసుకోవాలి.

అతనికి ఫోన్ చేశాను. నా ఫోన్లో ఆ నంబరు 'కార్ క్లీనింగ్' అని ఉంది. తప్పు నాదేనని చెప్పాను, మళ్లీ రమ్మన్నాను, గుడ్డలు కొనిస్తానన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "వద్దు సార్, కొండ మీద ఒకింట్ల చేస్తున్న. రెండే బండ్లు. ఈడ పైపు ఇచ్చిన్రు" అన్నాడు. ఆ ఇంటివాళ్లు నీళ్లు వృథా చేస్తున్నారని నాలోని పౌరుడికి అనిపించింది. నోరు మూసుకున్నాను.

ఆ రాత్రే గ్రూపులో సవరణ పెట్టాను. గీతలు ఎలా పడతాయి, టీషర్టు ఎవరిది, రెండు రూల్సూ కలిపితే ఏమవుతుంది, అన్నీ రాశాను. డిటెయిలింగ్ షాపులో లైటు కింద తీసిన ఫోటో కూడా జత చేశాను. రెండు థంబ్సప్‌లు వచ్చాయి. పొద్దున్న చూస్తే కింద ఒక ప్రశ్న కూడా ఉంది: "కోటింగ్ ఎక్కడ వేయించావ్ బ్రో?"