నమూనాకూ జవాబుదారీ ఉండాలి

క్షయ అనుమానంతో వచ్చిన రోగి చేతిలో డబ్బా పెట్టి ‘ఉమ్మి పట్టుకురా’ అని పంపేస్తే పరీక్ష మొదలైనట్టు కాదు, చాలాసార్లు అక్కడే చెడిపోయినట్టు. 2025 నాటికి దేశంలో క్షయను అంతం చేస్తామన్న లక్ష్యం నెరవేరలేదు. ప్రపంచ క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు ఇప్పటికీ మన దేశంలోనే ఉన్నారు. కొత్త యంత్రాలకూ కొత్త మందులకూ నిధులిస్తున్న ప్రభుత్వాలు నమూనా సేకరణను, రవాణాను చిల్లర పనిగా చూస్తున్నాయి. వైద్యంలో అది తొలి మెట్టు అని గుర్తించి, ఒకరిని బాధ్యులను చేయాలి.

సీబీనాట్, ట్రూనాట్ అనే జన్యు పరీక్ష యంత్రాలు వచ్చాక, నమూనాలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ పరీక్షతో పనేముందన్న భావన కొందరిలో ఉంది. అది సరికాదు. ఆ యంత్రాలు వెతికేది క్రిమి జన్యు పదార్థాన్ని. చచ్చిన క్రిమిలోనూ అది ఉంటుంది. మందులు మింగుతున్న రోగి ఒంట్లో క్రిమి ఇంకా బతికి ఉందా లేదా అన్నది తేల్చేది కల్చరే. మందులకు లొంగని మొండి క్షయలో చికిత్స పనిచేస్తోందా, పొడిగించాలా, మార్చాలా అన్న నిర్ణయాలు దాని మీదే ఆధారపడతాయి. సూక్ష్మదర్శినిలో కనబడాలంటే మిల్లీలీటరు తెమడలో 5 వేల నుంచి 10 వేల క్రిములుండాలి. కల్చర్‌కు 10 నుంచి 100 చాలు. కానీ అవి ప్రాణంతో ల్యాబ్‌కు చేరాలి.

చిక్కంతా అక్కడే. క్షయ క్రిమి రెట్టింపు కావడానికి 15 నుంచి 20 గంటలు పడుతుంది. నోట్లోని మామూలు బ్యాక్టీరియాలో చాలా వాటికి అరగంట చాలు. చల్లదనం లేని సంచిలో ఒక్క పగలు గడిస్తే డబ్బా నిండా అవే. వాటిని చంపడానికి ల్యాబ్‌లో సోడియం హైడ్రాక్సైడ్ వాడతారు. ఘాటు పెంచితే క్షయ క్రిమీ చస్తుంది, తగ్గిస్తే కల్చర్ చెడుతుంది. ద్రవ మాధ్యమంలో 42 రోజులు, ఘన మాధ్యమంలో 8 వారాలు చూశాక వచ్చిన ‘నెగెటివ్’ దారిలో చచ్చిన క్రిమి వల్ల వచ్చిందైతే, రోగం ఉన్న మనిషి నయమైందనుకుని ఇంటికి వెళ్తాడు. ఇంట్లో పిల్లలకూ అంటిస్తాడు.

సరైన పద్ధతి కష్టమైనదేమీ కాదు. రోగి ముందుగా మంచినీళ్లతో నోరు పుక్కిలించాలి. గదిలోనో, మరుగుదొడ్లోనో కాకుండా ఆరుబయట గాలి తగిలే చోట నిలబడాలి. గుండెల నిండా రెండు మూడుసార్లు గాలి పీల్చి, లోపలి నుంచి దగ్గి, కనీసం 2 మిల్లీలీటర్ల చిక్కటి కళ్లె తీయాలి. ఒకటి అక్కడికక్కడే, మరొకటి తెల్లవారి లేవగానే. మొదటి నమూనా మందులు మొదలుపెట్టక ముందే తీసుకోవాలి. పేరు, నంబరు మూత మీద కాదు, ట్యూబు ఒంటి మీద రాయాలి. మూతలు తారుమారైతే రోగుల ఫలితాలే తారుమారవుతాయి. ఇదంతా చెప్పి చేయించడానికి ఒక మనిషి పక్కన ఉండాలి. నురుగు లాలాజలం వచ్చిందని రోగిని తప్పుపట్టే హక్కు ఆ మనిషిని నియమించని వ్యవస్థకు లేదు.

ఊపిరితిత్తుల బయటి క్షయలో జరుగుతున్న నష్టం ఇంకా బాధాకరం. మెడ గడ్డను కోసి తీసిన ముక్కను మొత్తంగా ఫార్మలిన్ సీసాలో వేసి బయాప్సీకి పంపేస్తున్నారు. ఫార్మలిన్ తగిలిన క్రిమి ఇక పెరగదు. ముక్కలో కొంత భాగాన్ని ముందే వేరుచేసి, స్టెరైల్ సెలైన్‌లో వేస్తే సరిపోతుంది. సెలైన్ లేని ఆపరేషన్ థియేటర్ ఉండదు. అయినా ఈ పని జరగక, రోగి మళ్లీ కత్తి కిందికి వెళ్లాల్సి వస్తోంది.

పిల్లల టీకాలకు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫ్రిజ్ ఉంది, రోజుకు రెండుసార్లు ఉష్ణోగ్రత రాసే పుస్తకం ఉంది. అదే కేంద్రం నుంచి వెళ్లే తెమడకు ఆ శ్రద్ధ ఎందుకుండదు? కల్చర్ ల్యాబ్‌లు కొన్ని నగరాలకే పరిమితం. పాడేరు కొండల నుంచి, ఆసిఫాబాద్ గూడేల నుంచి, మే నెల రామగుండం ఎండలో నమూనాలు ప్రయాణించాలి. మూడు పొరల ప్యాకింగ్, జెల్ ప్యాక్‌లున్న పెట్టె, 72 గంటల్లోపు చేరవేత లేకుండా వాటిని పంపడం నిధుల వృథా, రోగికి అన్యాయం.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు నాలుగు పనులు వెంటనే చేయాలి. ప్రతి సేకరణ కేంద్రంలో శిక్షణ పొందిన ఒకరిని పేరుపేరునా బాధ్యులను చేయాలి, వారికి ఎన్95 మాస్కులివ్వాలి. టీకాల ఫ్రిజ్‌లో తెమడ పెట్టకూడదు కాబట్టి నమూనాలకు వేరే ఫ్రిజ్ ఇవ్వాలి. ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రులన్నిటిలో క్షయ అనుమానం ఉన్న ప్రతి ముక్కలో కొంత సెలైన్‌లో కల్చర్‌కు పంపడాన్ని తప్పనిసరి చేయాలి. ల్యాబ్‌లు తిరస్కరించిన నమూనాల సంఖ్యను, కారణాలను జిల్లాలవారీగా నెలనెలా ప్రకటించాలి. నమూనా చెడితే ఎక్కడ చెడిందో, ఎవరి చేతిలో చెడిందో తేల్చి సరిదిద్దే అధికారి ఉన్న జిల్లాలోనే క్షయ నిర్మూలన మాటకు విలువ ఉంటుంది.