నాజిల్ ధర కాదు, కోత ధర చూడాలి

ఇటీవల వర్క్‌షాపు శాఖల సమావేశాలలో మాకు తరచుగా ఎదురవుతున్న ప్రశ్న ఒకటి ఉన్నది. ప్లాస్మా కోత యంత్రానికి అసలు కంపెనీ నాజిళ్లు, ఎలక్ట్రోడ్లకు బదులు ఇతరులు తయారుచేసిన చౌక రకాలు కొని ఇస్తే సంఘం అంగీకరించాలా, ప్రతిఘటించాలా? పైకి ఇది స్టోర్సు విభాగపు వ్యవహారంగా కనిపించవచ్చు. కాని పాడైన ప్లేటుకు సంజాయిషీ ఇచ్చుకోవలసినవాడు యంత్రం దగ్గర నిలబడిన కార్మికుడు. అందుచేత ఇది మన వ్యవహారమే.

ఎల్‌హెచ్‌బి పెట్టెలు 2000 ప్రాంతంలో జర్మనీ నుండి వచ్చినవి. 2018లో పాత ఐసిఎఫ్ నమూనా పెట్టెల తయారీ నిలిచిపోయినది. కొత్త పెట్టెల గోడలు, కప్పులు స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేసినవి. ఆ ఉక్కుపై ఏర్పడే క్రోమియం ఆక్సైడు పొర ఉక్కుకన్నా ఎక్కువ వేడికి గాని కరగదు గనుక పాత గ్యాసు కట్టరు దానిని కోయలేదు. లాలాగూడ అయినా, తిరుపతి అయినా, పెట్టె గోడ కోయవలసివచ్చినచోట ప్లాస్మా వంటి పద్ధతి అవసరమవుతున్నది.

ఈ యంత్రంలో అరిగేవి చిన్న భాగాలే. రాగి ఎలక్ట్రోడు కొసలో హాఫ్నియం అనే లోహపు చిన్న బిళ్ల ఉంటుంది. ప్రతిసారి మంట వెలిగినప్పుడు అది కొంత తరుగుతుంది. సాధారణంగా గుంట సుమారు 1 మిల్లీమీటరు లోతుకు చేరేసరికి ఎలక్ట్రోడును మార్చవలసివుంటుంది. మార్చకపోతే మంట రాగికే అంటుకొని నాజిల్‌ను, ఒక్కొక్కప్పుడు టార్చినే కాల్చివేస్తుంది. నాజిల్ రంధ్రం వెంట్రుకవాసి పక్కకు జరిగినా కోత అంచు వాలిపోతుంది, అడుగున చిట్టెం గడ్డకడుతుంది.

అయితే చౌక భాగమంటే చెడ్డ భాగమని మేము అనము. జనరిక్ మందులను మనమందరం కోరుతున్నాము. అసలు కంపెనీ గుత్తాధిపత్యానికి ప్రజాధనం ధారపోయాలని ఏ కార్మిక సంఘమూ వాదించదు. కాని మందును పరీక్షించేందుకు ఔషధ నియంత్రణ శాఖ ఉన్నది. నాజిల్‌కు అటువంటి శాఖ లేదు. దానిని పరీక్షించగలవాడు దానితో కోసేవాడే.

ఢిల్లీలో అజ్మేరీ గేటు దగ్గర శ్రద్ధానంద మార్గంలోని యంత్రపరికరాల దుకాణాలకు వెళ్లే చిన్న కర్మాగార యజమాని ఒక నాజిల్ కొని, కోసి చూసి, బాగుంటే పది కొంటాడు. ప్రభుత్వ స్టోర్సులో తరచుగా వెయ్యి కొన్న తరువాత గాని ఒకటి పరీక్షించరు. భేదమంతా ఇక్కడ ఉన్నది.

ఒక లెక్క చూద్దాము. అసలు భాగం ఖరీదు 300 రూపాయలు, అది 60 మీటర్లు కోసిందనుకుందాము. మీటరుకు 5 రూపాయలు. చౌక భాగం 120 రూపాయలు, 15 మీటర్లే కోసిందనుకుంటే మీటరుకు 8 రూపాయలు. అదే 30 మీటర్లు కోస్తే మీటరుకు 4 రూపాయలు, అప్పుడు చౌకదే మేలు. ఈ లెక్క టెండరు కాగితంలో ఉండదు, షాపులో రిజిస్టరు పెడితేనే తెలుస్తుంది. 2017 సాధారణ ఆర్థిక నియమావళిలోని 144వ నియమం కూడా ధర కావలసిన నాణ్యతకు తగినదై ఉండాలనే చెబుతున్నది.

మేము చూసిన సంఘటన ఒకటి చెబుతాము. ఒక షాపులో కొత్త నాజిళ్లు వచ్చిన వారంలోనే కోతలు వంకరపోయినవి. కోసిన సోదరునికి మెమో ఇచ్చారు. ఆయన పాత నాజిల్‌ను, కొత్త నాజిల్‌ను గుడ్డలో చుట్టి తెచ్చి విచారణాధికారి బల్లమీద పెట్టాడు. కొత్తదాని రంధ్రం నడుమ లేదని కంటికే కనిపించినది. మెమో వాపసు తీసుకున్నారు. నాజిళ్ల పెట్టె మాత్రం వాపసు పోలేదు.

న్యాయంగా మరొక మాట చెప్పవలసివున్నది. కంప్రెసరు గాలిలో తేమ, నూనె ఉంటే అసలు భాగమైనా త్వరగా కాలిపోతుంది. వడపోత, డ్రైయరు సరిగా లేనిచోట చౌక భాగాన్ని నిందించడం కూడా తప్పే.

కాబట్టి మన కోరికలు ఇవి. పెద్ద కొనుగోలుకు ముందు షాపులోనే కోసి చూడాలి. అంగీకారపత్రంపై కోసే కార్మికుని సంతకం ఉండాలి. రెండు కంపెనీల భాగాలు కలిపి బిగించమని ఒత్తిడి చేయరాదు. కొత్త కప్పు సరిగా కూర్చోలేదని టార్చిలోని రక్షణ స్విచ్చిని తప్పించి పనిచేయించరాదు. అక్కడ ఉండే వోల్టేజి ప్రాణాంతకమైనది. భాగాన్ని, గాలిని పరీక్షించనిదే ఎవరికీ మెమో ఇవ్వరాదు, జీతంలో కోత పెట్టరాదు.

తపాలా సోదరులకు ఇది దూరపు విషయం కాదు. పాసుబుక్కు ప్రింటరులో నాసి రిబ్బను పెడితే అక్షరం మాసిపోయి ఖాతాదారుని చేత మాట పడేది కౌంటరులోని గుమాస్తాయే. కొన్నవారు ఒకరు, జవాబు చెప్పేవారు మరొకరు. ఈ పద్ధతి ఉన్నంతకాలం పొదుపు పేరిట జరిగే ప్రతి కొనుగోలును మన శాఖలు నిలదీయవలసివున్నది. అందుకు తొలి ఆయుధం ఆ మీటర్ల రిజిస్టరే. దానిని ఈ నెలనుండే ప్రారంభించవలసిందిగా శాఖలను కోరుతున్నాము.