గులాబీ మోసం చేయలే, మనమే చూడలే

వరి, పత్తి రాసేటోడు గులాబీ గురించి రాస్తున్నడేందని నవ్వకండి. జర చివరిదాకా చదవండి.

మన జ్యోతినగర్ చుట్టుపక్కల ఏ వాడకు పోయినా రెండు మాటలు వినబడుతయి. ఒకటి: "పెద్ద పువ్వు గులాబీ అని కొంటే రెండేండ్లకు చిన్నచిన్న గుత్తులు పూస్తున్నది, నర్సరీ వాళ్లు ముంచిన్రు." రెండు: "రామగుండం ఎండకు గులాబీ బతకది." రెండూ తప్పే అంటున్న.

మొదటి మాట చూద్దాం. మనం కొనే పెద్ద పువ్వు గులాబీల చానామట్టుకు రెండు మొక్కలు ఉంటయి. కింద వేరు అడవి జాతిది, దానికి కన్ను అంటుగట్టి పైన పూల జాతిని పెంచుతరు. అంటు కిందికెల్లి పిలక లేస్తే ఏపుగ పెరుగుతది. మనం మురిసిపోయి దానికే నీళ్లు పోస్తం. పై కొమ్మకు తిండి అందక ఎండిపోతది, ఆఖరికి అడవి గులాబీ మిగుల్తది. జాతి మారలే, అంటు చచ్చింది. మామిడి అంటు కింద చిగురేస్తే గిల్లేసే రైతు, గులాబీ కాడ ఎందుకు ఊకుంటున్నడు?

ఏడు చిన్నాకులుంటే అడవిది, ఐదుంటే మంచిది అని కొందరు చెప్తరు. అదొక్కటే నమ్మకండి. మట్టి తీసి పిలక ఎక్కడ పుట్టిందో చూడండి. అంటు ముడి కింద పుట్టినదైతే మొదలుకాడికి పీకేయాలె. పైపైన కోస్తే మళ్ల లేస్తది.

ఇగ ఎండ సంగతి. ఏడాది పొడుగునా పూసే గుణం ఇప్పటి గులాబీలకు చైనా గులాబీల నుంచి వచ్చింది. ఫ్రాన్సుల 1867ల వచ్చిన 'లా ఫ్రాన్స్' అనే పెద్ద పువ్వు రకంల కూడా ఆ రక్తమే ఉన్నది. గులాబీ అంటే చలి దేశం మొక్క అనేది ఉత్త మాట. ఎండకాలం పువ్వు చిన్నగైతది, రెక్కలు మాడుతయి, నిజమే. కానీ మొక్కను చంపేది ఎక్కువగా మన చేతులే. మే నెలల కత్తిరిస్తం, సాయంత్రం ఆకుల మీద నీళ్లు కొడుతం. రాత్రంతా తడి ఆరకపోతే నల్లమచ్చ తెగులు వస్తది. వెంటనే మందు షాపుకు ఉరుకుతం!

చేయాల్సింది ఇంతే. కత్తిరింపు వానలు వెనకపట్టినంక, అక్టోబర్ల. నీళ్లు పొద్దుగాల, మొదట్లనే. ఎండకాలం మొదట్ల గడ్డి పరువాలె. కొన ఎండితే పచ్చగున్న కాడికి కోసి బోర్డో పేస్ట్ పూయాలె.

గోదావరిఖని మార్కెట్ దగ్గర్నే ఉన్నది కదా, అర ఎకరం పెడుదమనుకునే తమ్ముళ్లకు గట్టిగ చెప్తున్న. కవర్ల పూసిన పువ్వును చూసి పైసలు ఇయ్యకండి. వేరు ఏ జాతిది, అంటు ఎప్పుడు కట్టిన్రు, ముడి ఎక్కడున్నది అని అడగండి. చెప్పలేనోని దగ్గర కొనకండి. ముడి మట్టిల పూడ్చకండి. పిలకలు చూసే తీరిక లేకుంటే కొమ్మ నాటి పెంచిన నాటు గులాబీ పెట్టుకోండి. దాని వేరు, కొమ్మ ఒకటే జాతి కాబట్టి ఏ పిలక లేసినా అదే పువ్వు పూస్తది.

అమ్మేటోన్ని తిట్టుడు అల్కగ. మొదలు తవ్వి చూసుడే రైతు పని.