పొదుపైన ఇల్లు ఎవరి నడుముమీద?

పొదుపునుగూర్చి నేను అనేక ప్రసంగములు చేసితిని. అప్పులేని ఇల్లు, పెరటి కూర, గాదెలో గింజ మంచివని నేడును నమ్ముచున్నాను. అయితే ఆ ప్రసంగములలో ఒక సంగతి చెప్పక విడిచితిని. మరచి కాదు, చెప్పినయెడల మగవారి ముఖములు మాడునని విడిచితిని.

మా సంఘములో ఒక కుటుంబము కలదు. పొలము లేదు. ఐదు సెంట్ల స్థలములో పెంకుటిల్లు, వెనుక పెరడు. దడిమీద చిక్కుడు, పాకమీద ఆనప, మూలను మునగచెట్టు, అంట్లు కడిగిన నీళ్లు పారుచోట రెండు అరటిపిలకలు. ఒక గేదె, ఏడెనిమిది కోళ్లు. ఆనప విత్తులు బూడిదలో కలిపి దాచుదురు. కందులు వేపాకు వేసి కుండలో పోయుదురు. వేసవిలోనే వడియములు, ఉప్పు కలిపిన చింతపండు, ఊరగాయ సిద్ధమగును. ఉప్పు, నూనె, బియ్యము, బట్ట తప్ప వారు కొనునది బహు తక్కువ. ఏ దుకాణపు అప్పు పుస్తకములోను ఆ ఇంటి పేరు లేదు. ఒక ఆదివారము నేను ఆ కుటుంబమును అందరియెదుట మెచ్చుకొంటిని. ఇంటి యజమాని తలయెత్తి కూర్చుండెను.

ఆరాధన ముగిసిన తరువాత అతని భార్య వాకిట నిలిచి, "అయ్యగారండీ, మా ఇల్లు నడిచేది పొదుపు మీద కాదండీ, నా నడుం మీదండీ" అని చెప్పి వెళ్లిపోయెను. ఆ మాటలో కోపము లేదు. అందుచేతనే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

లెక్క వేసి చూచితిని. కోడి కూయకమునుపు లేచి పేడ తీయుట, పాలు పిండుట, నీళ్లు మోయుట, పిడకలు కొట్టుట, వంట, తరువాత కూలి. కూలినుండి వచ్చుచు గడ్డిమోపు, చీకటిపడగానే కోళ్లను గంపక్రింద మూయుట, మరల వంట. వీటిలో ఆయన చేయునది గేదెను చెరువుకు తోలుట. అదియు పిల్లవాడు బడికి పోయిన దినమున మాత్రమే.

ఇది ఒక్క ఇంటి సంగతి అందురా? 2019లో మన ప్రభుత్వము దేశమంతట జనులు దినమును ఎట్లు గడుపుదురో విచారణ చేయించెను. జీతములేని ఇంటిపని చేయు స్త్రీ దానికై దినమునకు 299 నిమిషములును, పురుషుడు 97 నిమిషములును వెచ్చించునని తేలెను. అదియైనను ఆ పనికి చేయివేయు పురుషుల లెక్క. అట్టివారు నూటికి 26 మందియే; స్త్రీలు 81 మంది.

వంట పొయ్యి సంగతి చూడుడి. 1999లో దీపం పథకము, 2016లో ఉజ్జ్వల పథకము మన పల్లె స్త్రీల పేరట గ్యాసు తెచ్చెను. ఎన్ని ఇండ్లలో ఆ బండ చుట్టములు వచ్చు దినమునకని గుడ్డ కప్పుకొని మూలను కూర్చున్నది! "పిడకలు ఊరకే వచ్చును గదా, బండకు డబ్బు దండుగ" అని యజమాని యనును. అయ్యా, పేడ పిసికినది ఎవరి చేతులు? పొగకు ఎఱ్ఱబడినవి ఎవరి కన్నులు? మీరు పూటపూటకు త్రాగు టీ దండుగ కాదు గాని, ఆమె ఊపిరితిత్తులు మాత్రము ఊరకే వచ్చినవా?

మా బోధకులకును ఇందులో భాగము కలదు. సామెతల గ్రంథము 31వ అధ్యాయములోని గుణవతియైన భార్యనుగూర్చి పెండ్లిండ్లలో మేము ఎంతో ఉత్సాహముగా మాటలాడుదుము. ఆమె చీకటితోనే లేచుట చెప్పుదుము. ఆమె భర్త పెద్దలతో గవినియొద్ద కూర్చుండుటయు చెప్పుదుము. ఆమెకు పనికత్తెలు ఉండిరని అదే అధ్యాయములో ఉన్నది. దానిని చదివి దాటిపోదుము. ఆమె కష్టఫలము ఆమెకే చెందవలెనని చివర నున్నది; అప్పటికి భోజనముల వేళయగును.

అయ్యగారు ఆడవారిని ఎగద్రోయుచున్నారని కొందరు అనుకొందురు. నేను పెరటిని పాడుపెట్టి పొట్లముల కూర తినుడని చెప్పుటలేదు. నీళ్ల బిందె మగవాని భుజము కూడ ఎక్కగలదని చెప్పుచున్నాను. పాల డబ్బు, గుడ్ల డబ్బు ఆమె చేతికి రావలెననియు, బండ నింపుట కూడ సంసారపు ఖర్చేననియు చెప్పుచున్నాను. మా ఇంటిలో నూతినీరు తోడునది ఎవరని మాత్రము అడుగకుడి. గత నెలనుండి నేనే తోడుచున్నాను. అంతకుముందు ముప్పది ఏండ్ల సంగతి చెప్పుటకు నాకు ముఖము చాలదు.

మొన్న ఆ యింటికి పోతిని. గుడ్ల డబ్బు ఇప్పుడు ఆమె కొంగున నున్నది. బండ ఇంకను మూలనే యున్నది. ఎప్పుడు నింపింతువని ఆయనను అడుగగా, వచ్చే నెల చూతము లెండి అనెను. వచ్చే నెల మరల పోవుదును.