వంటయింటి విషయములు: కోడి సారముతో చిక్కని పులుసు



ఇంటికి బంధువులు వచ్చిన దినమున కోడి యొక్కటియే యుండును, విస్తళ్లు పది పడును. అట్టి వేళ గృహిణి గౌరవమును నిలుపునవి ముక్కలు కావు, పులుసే. రెండు ముక్కలు దక్కినవారును, ఒక్కటి దక్కినవారును సమముగ తృప్తిపడి లేవవలెనన్న పులుసులో సారముండవలయును. నీళ్లు పోసి పెంచిన పులుసు కంటికి నిండుగ గానవచ్చునే కాని సంగటిముద్దకు పట్టదు. కావున ఆ సారమెచ్చట పుట్టునో, దానిని పోనీయక పులుసులోనికి దెచ్చుట యెట్లో యీ మాసము ముచ్చటించుకొందము.

నెల్లూరు జిల్లా యనగానే పెన్నానది పారకముక్రింది వరిమళ్లు తలపునకు వచ్చును. కాని పడమట ఉదయగిరి, ఆత్మకూరు వైపులనున్న కలిగిరి ప్రాంతము మెట్టసీమ. ఇట్టి సీమలో రాగిసంగటికి నాటుకోడి పులుసు చక్కని జంట. ఈకలు దీసిన కోడికి పసుపు పూసి, మంటపై కాల్చి, తోలుతోనే ముక్కలు గొట్టుట పల్లెలలో వాడుక. ఆ కాలిన వాసనయు, తోలుక్రింది కొవ్వును పులుసునకు మొదటి పెట్టుబడి.

పాశ్చాత్య దేశములలో కోడిని ఓవెనులో కాల్చునప్పుడు క్రింది పళ్లెములోనికి కొవ్వును రసమును కారును. వారు దానిని పాఱబోయక, ఆ కొవ్వులో గోధుమపిండి వేయించి, రసమును నీటిని జేర్చి కాచి గ్రేవీ చేయుదురు. మన కుండ యడుగే మనకు ఆ పళ్లెము. ముక్కలు వేగునప్పుడు కారిన రసము ఇగిరి, అడుగున ఎఱ్ఱని పొరగా నంటుకొనును. దానిని మాడు అని గోకి పాఱవేయువారు కోడి రుచిలో సగము పాఱవేసినట్లే. నల్లబడి చేదెక్కినది మాత్రమే మాడు.

ఆ యెఱ్ఱదనమునకు కారణమును 1912లో మెయ్యార్డు అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వివరించెను. మాంసకృత్తులలోని ఆమ్లములును చక్కెరలును వేడికి గలిసి క్రొత్త రంగును క్రొత్త వాసనను పుట్టించును. ఇది త్వరగా జరుగుటకు ఇంచుమించు 140 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావలయును. కుండలో నీరు నిలిచియున్నంతవఱకు వేడి 100 డిగ్రీలను అంతగా మించదు. కావుననే మొదటనే నీళ్లు పోసి యుడికించిన కోడి తెల్లగ, చప్పగ నుండును.

ఇక విధానము. కిలో ముక్కలకు రెండు గరిటెల వేరుసెనగనూనె కాచి, సన్నగ తరిగిన రెండు పెద్ద ఎఱ్ఱగడ్డలను దోరగ వేయింపుడు. అల్లము, తెల్లగడ్డల ముద్ద పచ్చివాసన పోవువఱకు వేయించి, ముక్కలు, పసుపు, ఉప్పు వేయుడు. మూత పెట్టక, ఊరిన నీరంతయు ఇగిరి నూనె తేలువఱకు వేపుడు. అడుగు ఎఱ్ఱబడినతోడనే కారము, ధనియాలపొడి చెఱి రెండు చెంచాలు వేసి ఒక్క త్రిప్పు త్రిప్పి, అరగ్లాసు వేడినీరు పోసి చెక్కగరిటెతో అడుగు నంతయు గీకుడు. ఆ పొర కరిగి నీటి రంగు మాఱును. అదియే మనము వెదకిన సారము. పిమ్మట ముక్కలు మునుగునట్లు వేడినీరు పోసి సన్నని సెగపై నుడికింపుడు.

ముదురు నాటుకోడికి గంటయో, అంతకు మించియో పట్టును. తొందరపడరాదు. ఎముకల కీళ్లయందలి బిరుసు నరములు నెమ్మదిగ కరిగి పులుసునకు జిగి నిచ్చును. లేతదగు బ్రాయిలరు కోడికి అరగంట చాలును గాని, ఆ జిగి యంతగా రాదు.

ముక్క మెత్తబడిన తరువాతనే చిన్న నిమ్మకాయంత చింతపండు పిసికి రసము పోయవలెను. ముందే పోసినయెడల పులుపునకు ఎఱ్ఱగడ్డలు కరుగక నిలిచిపోవును. కళాయి లేని యిత్తడి గిన్నెలో పులుసు కాచరాదు. పులుపు లోహమును కరగించును.

చిక్కదనమునకు చెంచాడు గసగసాలు, రెండు చెంచాల కొబ్బరి వేయించి మెత్తగ నూరి కలుపుడు. బియ్యపుపిండి వాడువారు దానిని చల్లనీటిలో జారుగ కలిపి, త్రిప్పుచు పోయవలెను. పొడిపిండిని మరుగు పులుసులో జల్లిన, ఉండపైభాగము వెంటనే యుడికి జిగురై, లోపలి పిండికి నీరందనీయదు. అందుచేతనే ఉండలు గట్టును.

మఱునాటి పులుసు రుచి యని రాత్రియంతయు కుండతో నుంచుట కలదు. ఇచ్చట మిక్కిలి జాగ్రత్త వలయును. మాంసపు పులుసులలో పెరుగు క్లాస్ట్రీడియం అను సూక్ష్మజీవి బీజములు ఉడుకునకును చావవు. పెద్దకుండ నెమ్మదిగ చల్లారుచుండగా అవి మొలచి వృద్ధియై కడుపునొప్పిని, విరేచనములను గలిగించును. కావున మిగిలిన పులుసును వెడల్పు గిన్నెలలోనికి వంచి, చల్లనీటిలో నుంచి చల్లార్చి, రెండు గంటలలోపల, మండువేసవిలోనైన ఒక్క గంటలోపల, ఫ్రిజ్జులో బెట్టుడు. మఱునాడు తినునంతమాత్రమే తీసి తెర్లునట్లు కాచుడు. ఫ్రిజ్జు లేనియెడల ఆ పూటకు జాలునంతయే వండుడు.

కడపట నొక్కమాట. వడ్డించిన చేతికి అడుగు పులుసే మిగులుట మన యిండ్లలో అనాదిగ వచ్చుచున్నది. ఆమెకును ఆకలి, రక్తము, బలము గలవు. కుండ దించిన వెంటనే మీ పాలు ముక్కలు రెండు, గరిటెడు పులుసు వేఱు గిన్నెలోనికి దీసి, పిమ్మట విస్తళ్లవద్దకు వెళ్లుడు. సారమును గుర్తెఱిగి వండిన గృహిణికి ఆ సారములో భాగముండుట న్యాయము.